వంకర పాట

అసలు పాటలో ట్రక్కుకేం పని, అందులోనూ జన్మలో ఒక్క బొగ్గు బస్తా మోసి ఎరగని ట్రక్కుకి, దాని వెనక తలుపు దించి కూర్చున్న పిల్ల, పిల్ల చేతిలో చల్లటి బీరు, శుక్రవారం సాయంత్రం, మళ్లీ ట్రక్కు, ఈ రేడియోలో పాడేవాళ్లందరికీ వారానికి ఒక్క శుక్రవారమే ఉన్నట్టుంది, మిగతా రోజులు వీళ్ల బదులు పనికి ఎవరు వెళ్తున్నారో ఏమో, అనుకుంటూనే డెల్ఫా చెయ్యి చాచి రేడియో కట్టేసింది, ఆ కదలికకి ఒళ్లో గిన్నె ఒరిగి మూత సందులోంచి ఎండు చిక్కుళ్ల ఆవిరి ముక్కుకి కొట్టింది, నిన్న పొద్దుటి నుంచీ ఉప్పు పంది ముక్కతో సన్న సెగ మీద ఉడికిన చిక్కుళ్లు, తువ్వాలు మడతలు వేసి పెట్టుకున్నా తొడలకి కాక తగులుతూనే ఉంది, పక్కన స్టీరింగు పట్టుకున్న మొగుడు వర్లిన్ కాచుకుని ఉన్నాడు, ఇన్నేళ్ల కాపురంలో అతనికి బాగా తెలిసిన సంగతి, రేడియో కట్టేసిన చెయ్యి వెనకాలే నోరు వస్తుందని, వచ్చింది కూడా, ఏమయ్యా, ఆ డ్రమ్ము విన్నావా, ఇంటికప్పుకి రేకులు దిగ్గొడుతున్నట్టు లేదూ, విననిస్తే కదే తెలిసేది అన్నాడు వర్లిన్ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, వాగు పక్కన పాములా మెలికలు తిరిగే రోడ్డు అది, కెంటకీలో ఆ కొండల మధ్య పుట్టినవాళ్లు కూడా అక్కడ చూపు తిప్పరు, డెల్ఫా పట్టించుకోలేదు, కంట్రీ పాటంటే గొంతులో ఎక్కడో ఓ బీట ఉండాలి, జైల్లో ఉన్నవాడికి రైలు కూత వినబడాలి, తల్లి చావు కబురు ముందు అంది మనిషి తర్వాత రావాలి, తాగినవాడు తాగినందుకు ఏడవాలి గాని ఎగరకూడదు, ఇప్పుడేమో గొంతుల్ని ఏదో యంత్రంలో వేసి ఇస్త్రీ చేస్తారట, ఒక్క ముడత ఉండదు, ముడతల్లేని మొహం చెప్పే కష్టం ఎవరు నమ్ముతారు, ఆవు పొదుగు చేత్తో పట్టనివాడికి అంత కౌబాయ్ టోపీ ఎందుకు, లోకానికి కొత్త ఒక వింత, పాత ఒక రోత, డెల్ఫాకి ఆ సామెత తిరగేసి చదవాలి, పాతే వింత, కొత్తంతా రోతే.

వర్లిన్ నవ్వి, మీ అమ్మకి స్టీల్ గిటార్ వింటే పిల్లి తోక తొక్కినట్టుండేది కదే, మీ అమ్మమ్మ అసలు గిటారే సైతాను పెట్టె అంది, ఆవిడ తల్లి బాంజో ఉన్న ఇంట్లో మంచినీళ్లు ముట్టేది కాదు, ఆ లెక్కన గిటార్ వాయించే నువ్వూ ఫిడేలు వాయించే నేనూ నరకానికే, అదీ ట్రక్కు మీదే అన్నాడు, డెల్ఫాకి నవ్వొచ్చింది గాని నవ్వలేదు, ఈ రోజు నవ్వితే లోపల బిగించిపెట్టుకున్నదేదో జారిపోతుందని భయంగా ఉంది, ఎందుకంటే అసలు కోపం రేడియోలో ఆ కుర్రాడి మీద కాదని ఆమెకీ తెలుసు, గురువారం ఫోను మోగింది, టామ్రా, పోయిన తమ్ముడి కూతురు, బడి బస్సు నడుపుతుంది, గొంతు కూడా బస్సులో వెనక సీటు దాకా వినబడేలాగే ఉంటుంది, అత్తా, ఈ డెకరేషన్ ఆదివారం నాన్న దగ్గర నాన్న పాట పాడతాను అంది, అడగలేదు, అంది, డెకరేషన్ అంటే ఏటా అందరూ కొండెక్కి అయినవాళ్ల సమాధులు బాగుచేసి పూలు పెట్టి పాడుకుని అక్కడే భోంచేసే రోజు, డెల్ఫా ఎండు చిక్కుళ్లు ఏరుతోంది అప్పుడు, చూద్దాంలేవే అంది, చూద్దాం అంటే కాదని ఆ కొండల్లో పసిపిల్లలకి కూడా తెలుసు, టామ్రా గొంతు మొదటిసారి చిన్నదయింది, నాన్నకి కూడా ఇలాగే చూద్దాం అన్నావంట కదత్తా అంది, పెట్టేసింది, అప్పటి నుంచీ ఆ మాట డెల్ఫా చెవిలో కూర్చుంది, దులిపినా పోదు, కొండ మీద సమాధుల దగ్గర ఏ పాట పాడాలో ఏది పాడకూడదో చెప్పే పని అమ్మ పోయాక తనకి వచ్చింది, కట్టుబాటు ఒకటే, వాయిద్యం పనికిరాదు, వట్టి నోటితో పాడాలి, పాట అక్కడ పడుకున్నవాళ్లకి తెలిసినదై ఉండాలి, చచ్చినవాళ్లకి తెలియని పాట చచ్చినవాళ్ల దగ్గర పాడటం పరాయి భాషలో పలకరించినట్టు అనేది అమ్మ, మరి తమ్ముడు ఎస్టిల్ రాసిన ఆ ట్రక్కు పాట ఎవరికి తెలుసు అక్కడ, అమ్మకి తెలుసా, నాన్నకి తెలుసా, కొండ ఎక్కేలోపు అవునో కాదో తేల్చాలి, కాదంటే టామ్రా ఇక గుమ్మం తొక్కదు, అవునంటే అమ్మ కట్టుబాటు తన చేతిలోనే పోతుంది.

ట్రక్కు పాట, అదీ అమ్మ జోలపాట రాగం మీద, అదే కదా మండింది, కిటికీలో దీపం పెట్టానురా చిన్నోడా, కొండ దిగి రారా నాయనా, గాలొచ్చి ఆర్పితే మళ్లీ వెలిగిస్తా, తెల్లారేదాకా ఉంటా, ఆ రాగం తీసుకెళ్లి ట్రక్కు కింద పడేశాడు వీడు, ఎస్టిల్, నెలలు నిండకుండా పుట్టినవాడు, చెప్పుల డబ్బాలో పట్టాడు, డబ్బాలో దూది పరిచి బొగ్గు పొయ్యికి ఉన్న ఓవెన్ తలుపు తెరిచి దాని మీద పెట్టింది అమ్మ, బిడ్డని రొట్టెలా కాలుస్తుందేమో అనుకుంది డెల్ఫా, ఏడేళ్ల పిల్లకి ఏం తెలుసు, డాక్టరు కొండ దిగి వెళ్లిపోతూ, పేరు పెట్టడానికి తొందరేం లేదమ్మా అన్నాడు, ఆ మాటకి అర్థం అప్పుడు తెలియలేదు, అమ్మకి తెలిసింది, అందుకే ఆ సాయంత్రమే పేరు పెట్టేసింది, డెల్ఫా బల్ల కింద కూర్చుని సూదీ దారంతో చిక్కుడుకాయలు దండలు గుచ్చుతుండేది, చూరుకి వేలాడదీసి ఎండబెట్టడానికి, సూది కాయలోకి దిగేటప్పుడు చిన్న పటుక్కుమనే చప్పుడు, పొయ్యిలో బొగ్గు కూలే చప్పుడు, అమ్మ కుర్చీలోంచి డబ్బా మీదకి వంగుతూ లేస్తూ పాడుతూనే ఉండేది, ఆ శరదృతువంతా పాడింది, చిక్కుళ్లన్నీ ఎండేదాకా పాడింది, ఇప్పుడు ఒళ్లో గిన్నెలో ఉన్న ఈ వాసనకి ఆ పాట లేకుండా ఉండదు, మూత తీస్తే చాలు వంటింట్లో ఉంటుంది, వాడు బతికాడు, బతికి గిటార్ పట్టుకున్నాడు, ముందు డెల్ఫా గిటారే పట్టుకున్నాడు, నేను వాయించి చూపిస్తే చేతివేళ్లు చూడకుండా నా మొహం చూసేవాడు వెధవ, ఎందుకురా అంటే, పాట వేళ్లలో లేదక్కా అనేవాడు, తర్వాత కంట్రీ పాటల రికార్డులకి పేరుపడ్డ నాష్‌విల్ వెళ్లాడు, అక్కడ రాళ్లెత్తినా పాటలెత్తినా ఒకే కూలి అని వర్లిన్ అంటే నవ్వాడు, ఎవడెవడికో పాటలు రాసిచ్చాడు, ఎవడూ పాడలేదు, చివరికి ఎవరో టోపీవాడు ఒక్కటి పాడాడు, అదే ఇది, వెనక దీపాలు వెలుగుతున్నాయే పిల్లా, కొండ దిగుతోంది ట్రక్కు, ఛీ అనుకుంది, ఇప్పటికీ అనుకుంటుంది, ఆ ఛీ నోట్లో ఇప్పుడు అంత బలంగా లేదెందుకో, జనవరిలో గడ్డకట్టిన నేలని గునపాలతో తవ్వి వాడిని దించినప్పుడు ఆ ఛీ కూడా కొంత వాడితో దిగిందేమో.

ఆ పాట మొదటిసారి విన్నది ఇంట్లో కాదు, సరుకుల కొట్లో, టమాటా డబ్బాల అరల మధ్య, పైన ఎక్కడో స్పీకరు, ఆ డ్రమ్ములు, ఎప్పటిలాగే మొహం ముడిచింది, తర్వాత ఆ రాగం, అమ్మ రాగం, తోపుడు బండి ఆగిపోయింది, ఎవరో వెనక నుంచి కాస్త జరగండమ్మా అన్నారు, జరగలేదు, రెండో వరస చివర, కొండ దిగుతోంది ట్రక్కు అన్న చోట, ఇక మెట్లు అయిపోయాయనుకుని కాలు వేస్తే ఇంకో మెట్టు తగిలినట్టు, ఏదో ఆగింది, పాట ఒక అడుగు ఊరకే నిలబడి అప్పుడు కదిలింది, డెల్ఫా కళ్లలో నీళ్లు తిరిగాయి, ఈ కొట్లో చలి మెషీను ఇంత ఎందుకు పెడతారో అనుకుంది, పాట అయిపోయేదాకా టమాటా డబ్బా చేతిలో పట్టుకుని దాని మీద రాసింది చదువుతున్నట్టు నటించింది, ఇంటికెళ్లి సరుకులు కూడా సర్దకుండా ఫోను తీసింది, చెప్పాల్సింది ఒక్క ముక్క, నిలబడి విన్నానురా తమ్ముడూ, కొట్లో నిలబడి మొత్తం విన్నాను, అంతే కదా, అంత చిన్న మాట, నోటిదాకా వచ్చింది కూడా, ఎస్టిల్ అవతల నుంచి విన్నావా అక్కా అని సంబరంగా అనేసరికి ఆ సంబరం విని ఏమయిందో, ఏరా, అమ్మ పాటని ట్రక్కెక్కించావు సరే, కనీసం నాలుగు దాకా లెక్కపెట్టడం రాదా నీకు, రెండో వరస చివర అడుగు తప్పావు, నాష్‌విల్‌లో అంతమంది ఉండి ఒక్కడూ చెప్పలేదా అంది, అవతల నవ్వు, చిన్న నవ్వు, నువ్వెప్పుడైనా అమ్మ లెక్కపెట్టడం చూశావా అక్కా అన్నాడు, అమ్మకి చదువు లేదని ఎగతాళి చేస్తున్నాడనుకుంది, ఒళ్లు మండిపోయింది, అమ్మని అంటావా అని పెట్టేసింది, కాలు జారితే తీసుకోవచ్చు నోరు జారితే తీసుకోలేమని అమ్మే చెప్పేది, కాని తను జారిందని అప్పుడు తెలిస్తే కదా, వాడే జారాడనుకుంది.

ఆ మరుసటి వేసవి వచ్చాడు, డెకరేషన్‌కి, అద్దె కారులో, టామ్రా అప్పుడు ముక్కు కారే పిల్ల, సమాధులన్నీ గడ్డి పీకి మట్టి ఎగదోసి ప్లాస్టిక్ పూలు గుచ్చాక, అందరూ గుమిగూడి పాడటం మొదలెట్టబోతుంటే కారు దగ్గరికి వెళ్లి గిటార్ తెచ్చాడు, అక్కా, అమ్మకి ఒకటి పాడనా అన్నాడు, ఊరంతా చూస్తోంది, పాట రేడియోలో మోగుతున్న రోజులవి, కుర్రాళ్లు వాడి చుట్టూ మూగారు, పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు, డెల్ఫాకి ఆ చెట్టు చుట్టూ జనం చేరడం కూడా గిట్టలేదు, చూద్దాంలే అంది, గిటార్ వైపు చూసి, కట్టుబాటు తెలుసుగా అంది, తెలుసు అన్నాడు, మాట పెంచలేదు, పెంచితే బావుండేది, పోట్లాడితే బావుండేది, గిటార్ తీసుకెళ్లి కారు డిక్కీలో పెట్టాడు, పిల్లవాడిని పడుకోబెట్టినట్టు మెల్లిగా పెట్టాడు, వచ్చి అందరితోపాటు నిలబడి వట్టి నోటితో పాత పాటలన్నీ పాడాడు, చికెన్ తిన్నాడు, నా చిక్కుళ్లు రెండుసార్లు వేసుకున్నాడు, అమ్మ చేసినట్టే ఉన్నాయక్కా అన్నాడు, ఎండు ఆపిల్ పొరల కేకు కొయ్యకముందే వెళ్లిపోయాడు, ఆ కేకంటే చిన్నప్పటి నుంచీ ప్రాణం వాడికి, దూరం వెళ్లాలి అన్నాడు, ఆ తర్వాత ఫోన్లలో వానలు, మోకాళ్లు, ఎవరు పోయారు, ఎవరికి బాలేదు, పాటల ఊసు మళ్లీ వాడూ ఎత్తలేదు తనూ ఎత్తలేదు, ఆ ముక్క కేకు తీసి మూతపెట్టి ఉంచింది ఆ రోజు, ఎందుకు ఉంచిందో, మర్నాడు వర్లిన్ తిన్నాడు.

కొండ మొదట్లో బళ్లు ఆగాయి, పైకి దారి బురద, ఒకటొకటిగా ఎక్కించాలి, ముందు బండిలోంచి ఎవరో ముసలమ్మని దించి కుర్చీతో సహా ఇంకో ట్రక్కు వెనక ఎక్కిస్తున్నారు, చూశావా ట్రక్కు ఉపయోగం అన్నాడు వర్లిన్, స్టీరింగు మీద వేళ్లతో తడుతూ ఏదో గొణుగుతున్నాడు, ఏమిటా అని వింటే అమ్మ పాటే, శనివారాలు ఫైర్ స్టేషన్ హాల్లో వాళ్లిద్దరూ డాన్సులకి వాయించే జోరులో, డెల్ఫా కూడా తెలియకుండానే గిన్నె మూత మీద వేలితో తాళం వేసింది, ఉన్నట్టుండి వర్లిన్, ఏది ఏమైనా మీ అమ్మ వంకర పాట ఫిడేలు మీదికి భలే వస్తుందే అన్నాడు, వంకరేంటయ్యా దీంట్లో అంది, అదేంటే, వంకర పాటంటే ఇవాళే విన్నట్టు, నాలుగేసి అడుగుల తాళం లెక్కకి అందకుండా ఓ అడుగు ఎక్కువో తక్కువో పడేది, మీ అమ్మది రెండో వరస చివర ఓ అడుగు ఎక్కువ ఉండేదిగా, మనం కొత్తగా హాల్లో వాయించినప్పుడు డాన్సు చేసేవాళ్లు ఒకళ్ల మీద ఒకళ్లు పడ్డారు, గుర్తులేదూ, ఆడలేనమ్మ మద్దెల ఓడన్నట్టు పాటే బాలేదన్నారు, అప్పుడు నువ్వేగా, ఆ వంకర తీసేద్దాం, ఎవరికి తెలుస్తుంది అన్నావు, నేనా అంది డెల్ఫా, నేనెందుకంటాను, అమ్మ పాట మొదటి నుంచీ సాపుగానే ఉంది అంది, వర్లిన్ ఆమె మొహం చూశాడు, సరే, నేనే అనుంటానులే అన్నాడు, అక్కడే అనుమానం పట్టుకుంది డెల్ఫాకి, వర్లిన్ అబద్ధమైతే సాయంత్రం దాకా వాదిస్తాడు, ఇంత తొందరగా ఒప్పుకున్నాడంటే నిజం అతని దగ్గరే ఉంది, కాని ఎంత తవ్వుకున్నా తనకి చెవుల్లో ఆ సాపు పాటే, వేల శనివారాల కాళ్లు తొక్కి తొక్కి నున్నగా చేసిన పాటే వినబడుతోంది, దాని కింద అమ్మ గొంతు వినబడటం లేదు, అయినా ఒక్క అడుగేగా, అమ్మకి ఊపిరి అందక ఆగి ఉంటుంది, పని చేసుకుంటూ పాడే ఆడవాళ్లందరూ ఆగుతారు, పొయ్యి చూసుకోవడానికో, చెయ్యి కాలో, దాన్ని పాటలో భాగం అనుకుని వీడు అచ్చు వేయించాడు, అంతే, అనుకుంది, అనుకున్నంత మాత్రాన కుదుటపడలేదు.

పైన గాలి బాగుంది, టార్పాలిన్ల కింద బల్లలు, గుడ్లు సగం కోసి మసాలా పెట్టిన పళ్లేలు, వాటి మీద ఈగల్ని తోలే చేతులు, డెల్ఫా గిన్నె దించి చేతులు దులుపుకుందో లేదో టామ్రా వచ్చి నిలబడింది, తండ్రి గెడ్డమే, కోపం వస్తే ముందుకొచ్చే ఆ గెడ్డం, ఏమంటావత్తా అంది, గిటార్ ఏదే అంది డెల్ఫా, తేలేదు, వట్టి నోరే అంది, ఇక్కడ పడుకున్నవాళ్లకి తెలిసిన పాటే పాడాలి కదే, మీ నానమ్మ పెట్టిన కట్టుబాటు అంది డెల్ఫా, కట్టుబాటు వెనక దాక్కోవడం తనకే వినబడింది, టామ్రా ఇంకా మట్టి అణగని ఆ కొత్త సమాధి వైపు చూసింది, మరి ఇప్పుడు నాన్న కూడా ఇక్కడే పడుకున్నాడుగా అత్తా, ఆయనకి తెలుసుగా ఆ పాట అంది, పక్కన పూలు గుచ్చుతున్న ఒకావిడ చెయ్యి ఆగింది, అమ్మ ఉంటే ఈ పిల్ల నోటికి మురిసిపోయేది, ఎస్టిల్ కూడా ఒకప్పుడు ఇలా అని ఉంటే, అనలేదే, వాడికి ఆ హక్కు రావడానికి చావాల్సి వచ్చిందా అనిపించి కళ్లు మండాయి, పాడు అంది, పాడుకో, కట్టుబాటు ప్రకారమే ఉంది.

టామ్రా మొదలెట్టే ముందు అందరి వైపూ తిరిగి, ఈ పాట రికార్డు చేసినప్పుడు రెండో వరస చివర ఆగుడు తీసెయ్యమని డ్రమ్ములవాడు గొడవట, తీస్తే పాటే ఇవ్వనని నాన్న లేచొచ్చేశాడంట, మళ్లీ వాళ్లే పిలిచారు, ఎందుకు నాన్నా అంత పట్టుదల అంటే ఆయనకీ తెలీదు, మా అమ్మ అలాగే పాడేది అనేవాడు, అంతకు మించి తెలీదనేవాడు అంది, అని ఎత్తుకుంది, వెనక దీపాలు వెలుగుతున్నాయే పిల్లా, డ్రమ్ముల్లేవు, ఇస్త్రీ లేదు, బస్సు గొంతు, అందులో బీట ఉంది, నిజంగా ఉంది, ట్రక్కు ఉన్నా ఉంది, తెలిసిన రాగం కదా జనం కలిశారు, డెల్ఫా కూడా కలిసింది, ఎప్పుడూ అందరికీ ముందుండి పాడించే గొంతు ఆమెది, కొండ దిగుతోంది ట్రక్కు అని, ఆగకుండా మూడో వరస అందుకుంది, అందుకునేసరికి చుట్టూ ఎవరూ లేరు, తనూ, వర్లిన్ ముక్కులోంచి వచ్చే సన్నటి రాగమూ, హాల్లో డాన్సులకి వచ్చే ఇద్దరు ముగ్గురు ముసలివాళ్లూ, అంతే, టామ్రా ఆగింది, జీన్సు ప్యాంట్ల కుర్రకారంతా ఆగారు, చెవుల్లో తీగలు పెట్టుకుని తిరిగే ఆ పిల్లలకి ఎవరూ చెప్పక్కర్లేకుండా ఆగడం తెలుసు, ఆ నిశ్శబ్దంలో డెల్ఫా గొంతు ఒక్కటే పెళ్లిలో తొందరపడి విస్తరి ముందు కూర్చున్నదానిలా మిగిలిపోయింది, సిగ్గుతో నోరు మూసుకుంది, రెండో చరణంలో జాగ్రత్తగా ఉండాలనుకుంది, అయినా నాలుక ముందుకే ఉరికింది, అన్ని శనివారాల అలవాటు, ఈసారి వర్లిన్ మోచేత్తో మెల్లిగా తట్టాడు, పాతని కాపాడేదాన్ని నేననుకున్నానే, ఈ కొండ మీద అమ్మ పాట మర్చిపోయినదాన్ని నేనొక్కతినేనా.

ఆఖరి చరణానికి టామ్రా ట్రక్కు వదిలేసింది, నాన్న ఇంట్లో ఇలా ముగించేవాడు అని చెప్పలేదు గాని అలాగే అనిపించింది, గొంతు తగ్గించి, కిటికీలో దీపం పెట్టానురా చిన్నోడా, డెల్ఫా పెదవులు బిగించి నేల వంక చూస్తూ వింది, బల్ల మీద ఎవరో గిన్నె మూత తీశారు కాబోలు చిక్కుళ్ల వాసన గాలికి వచ్చింది, కొండ దిగి రారా నాయనా, ఆగింది పాట, ఆగిన ఆ చోటులోకి డెల్ఫా జారిపోయింది, బల్ల కిందకి, సూది పటుక్కుమంది, పొయ్యిలో బొగ్గు కూలింది, అమ్మ కుర్చీలోంచి ముందుకి వంగింది, వంగి, జుట్టు ఒక చేత్తో వెనక్కి పట్టుకుని, చెవి, అవును, చెవి, చెప్పుల డబ్బాకి చెవి ఆనించింది, డెల్ఫా కూడా గుచ్చడం ఆపింది, ఆ వరస దగ్గర ఎప్పుడూ ఆపేది, ఆపకపోతే అమ్మ చెయ్యెత్తి ఊరుకోమన్నట్టు సైగ చేసేది, చప్పుడు చెయ్యకు, అమ్మ వింటోంది, వాడు ఊపిరి తీస్తున్నాడో లేదో వింటోంది, ఓవెన్ తలుపు మీద అంత చిన్న ఊపిరి, అది చెవిన పడ్డాకే నిటారుగా లేచి, గాలొచ్చి ఆర్పితే మళ్లీ వెలిగిస్తా అని అందుకునేది, అది అడుగు తప్పడం కాదు, లెక్క రాకపోవడం కాదు, వంకర కాదు, వాడి కోసం ఖాళీగా ఉంచిన చోటు అది, ఆ చోటులోనే పెరిగాడు వాడు, ఎందుకో తెలియకుండానే దాని కోసం నాష్‌విల్‌లో పోట్లాడాడు, ఎందుకో చెప్పగలిగినవాళ్లు ఈ లోకంలో ఒక్కళ్లే మిగిలారు, ఆ వంటింట్లో బల్ల కింద కూర్చున్న పిల్ల, అది నీ కోసమేరా తమ్ముడూ, అమ్మ ఆగింది నీ కోసమే అని ఒక్క ఫోను చేసి చెప్పగలిగినది, ఫోను చేసి నాలుగు దాకా లెక్కపెట్టడం రాదా అన్నది, టామ్రా ఊపిరి పీల్చుకుంది, గాలొచ్చి ఆర్పితే అని అందుకుంది, కొండంతా అందుకుంది, వర్లిన్ అందుకున్నాడు, డెల్ఫా అందుకోలేదు, కొత్త మట్టి మీదకి కాస్త వంగి, జుట్టు చెవి వెనక్కి పట్టుకుని, వింటూ ఉండిపోయింది.